పప్పులో కాలు

ఊరి పేరు వాగా వాగా.
పేరులోనే అంత వాగుడు గానీ
జులై తెల్లారుజామున, సియోనే వ్యానులో
నలుగురం నాలుగు మంచుముద్దలం,
ఒక్కరమూ నోరు విప్పం.

మాంసం ఫ్యాక్టరీలో నాది అట్టపెట్టెల వరస.
గొర్రె తొడలు, గొర్రె భుజాలు, గొర్రె మెడలు
ప్లాస్టిక్ తొడుక్కుని బెల్టు మీద వస్తాయి.
త్రాసు మీద పెట్టాలి, గ్రాము తేడా రాకూడదు,
మూత వెయ్యాలి, ఎత్తాలి.
పెట్టె ఇరవై కిలోలు. షిఫ్టుకెన్నో
నా నడుమునడగండి.

మసాలా నూరని ఆదివారం
ఆదివారమే కాదనుకునే వంశం మాది.
మూలుగ బొమిక కోసం అన్నతో కొట్టుకున్నదాన్ని.
ఇక్కడ చేరిన మూడో నెలలో
ఒకరోజు ముద్ద గొంతు దిగలేదు.
దయ అనకండి. దయే అయితే
జీతమెలా తీసుకుంటాను?
వాసన, అంతే.
సబ్బుతో మూడుసార్లు కడిగినా
గోళ్ళ కింద మిగిలే చల్లటి కొవ్వు వాసన.

మానేశాను సరే,
దాని చోట ఏం పెట్టాలో అనుకోలేదు.
పప్పులో కాలేశావంటారే,
అసలు పప్పంటూ ఉంటేగా వెయ్యడానికి!
అన్నం, చారు. అన్నం, ఆవకాయ. అన్నం, మజ్జిగ.
జుట్టంతా దువ్వెనకొచ్చింది.
ఒక మంగళవారం పెట్టె చేతుల్లోంచి జారింది,
దాని వెనకే నేనూ.

ఏం తింటావని అడిగింది నర్సు మేరియన్.
చెప్పాను. రాస్తూ రాస్తూ పెన్ను ఆపి
"రైస్ తర్వాత?" అంది.
"రైస్" అన్నాను.
నవ్వలేదావిడ. కాగితం మీద నా బరువు వేసి,
కింద ఓ గీత గీసి,
రోజుకు యాభై గ్రాముల ప్రోటీను,
మోసే పని కదా, ఇంకాస్తయినా మంచిదే, అంది.

యాభై గ్రాములు!
టన్నుల లెక్కన మూతలు వేస్తాను నేను.
ఆ సాయంత్రమే వంటింటి త్రాసొకటి కొన్నాను.
పగలు గొర్రెకు, రాత్రి గింజకు,
ఈ చేతికి తూకం తప్పదు.

గ్లాసు పాలు ఎనిమిది.
పిడికెడు పల్లీలు ఏడు.
గట్టి ముద్దపప్పు కప్పుడైతే పద్నాలుగో పదిహేనో,
నీళ్ళపప్పయితే నీళ్ళే.
ఈ ఊరి నీళ్ళకు కంది ఓ పట్టాన మెత్తబడదు,
నా పప్పులుడకని చోటుకే వచ్చిపడ్డాను.
తోఫూ మొదటిసారి పులుసులో వేస్తే
తడిసిన సుద్దలా ఉంది.
హ్యాన్ చూసి తల కొట్టుకుని,
తనింట్లో నీళ్ళు పిండి, వేయించి చూపించింది.
అప్పట్నుంచీ దానికీ నాకూ పేచీ లేదు.

బడిలో మెతకవాణ్ణి పప్పుసుద్ద అనేవాళ్ళం.
ఆ తిట్టు కనిపెట్టినవాడు
ఏనాడూ పెట్టె ఎత్తి ఉండడు.

గుర్‌జంట్ కొట్లో, అడుగు అరలో, దుమ్ముపట్టి
ఉలవలు దొరికాయి.
రాత్రంతా నానబెట్టి, ఆరు కూతలు కూయించి,
ఎండుమిరప తాలింపు, కొబ్బరి కోరు.
బ్రేకులో సియోనే నా డబ్బాలోకి తొంగి చూసి
గుర్రాల దాణానా, అన్నాడు.
అతని ముంజేయి నా తొడంత.
ఒక చెంచా అడిగాడు. తర్వాత డబ్బా అడిగాడు.
నా తొమ్మిది గ్రాములు గల్లంతు.
కాగితం మీద అప్పు కింద రాసుకున్నాను,
సియోనే, తొమ్మిది.

ఈ చలికి పెసలు మొలకెత్తవు.
తడిగుడ్డలో మూటకట్టి, పాత స్వెట్టర్లో చుట్టి
హీటరు పక్కన పడుకోబెడతాను.
రెండోరోజు మూడున్నరకు లేచి విప్పితే
ఒక్కోదానికీ ఓ తెల్లటి తోక.
చూడు, వీటికీ ప్రాణముంది, అంటుంది హ్యాన్ ఆటపట్టిస్తూ.
ఉంటే ఉండనీ.
నాకూ ఉంది.
ఉప్పు చల్లి, నిమ్మకాయ పిండి,
నిలబడే తింటున్నాను.
బయట వ్యాను హారను.