రెండో తలుపు

రాజోలులో, ఎరువుల కొట్టు మీద,
పదమూడు మెట్లెక్కితే నా గది.
బోర్డు మీద సలహా కేంద్రం అని మాత్రమే రాయించాను.
ఇంకే మాట రాసినా
ఆ మెట్లు ఎవరూ ఎక్కరు.

స్కూటీలు ఇక్కడ ఆగవు.
రెండు వీధుల అవతల, కొబ్బరికాయల రాశుల దగ్గర ఆపి
గొడుగు ముఖానికి అడ్డంగా వాల్చుకుని నడిచొస్తారు,
వాన లేకపోయినా.

మా నాన్న కాలవ మీద లాకుల దగ్గర లస్కరు.
పడవ లోపలికొచ్చాక వెనక తలుపు మూసేవాడు.
నీళ్లు మెల్లగా దిగేవి, వాటితో పడవా దిగేది,
పడవలోవాళ్లు గోడల నాచు చూస్తూ కూర్చునేవాళ్లు.
ఎంత పెద్ద షావుకారు గట్టు మీంచి అరిచినా
రెండు తలుపులూ ఒకేసారి తీసేవాడు కాదు.
"తీస్తే పడవుండదమ్మడూ" అనేవాడు. అంతే.
నేను చదివిన చదువంతా
తిరిగి తిరిగి ఆ మాట దగ్గరికే వచ్చి ఆగింది.

మొదటి రోజే చెబుతాను:
ఇక్కడన్నది ఇక్కడే.
ఎవరి ప్రాణం మీదకైనా వస్తే తప్ప,
అప్పుడైనా వీలున్నంత వరకు ముందు మీకు చెప్పి.
ఆ చివరి మాట విని
కొందరు లేచి వెళ్లిపోయారు.
వెళ్లనిచ్చాను.

"క్లౌడ్‌లో పెట్టేయండి మేడమ్, భద్రం"
అంటాడు కంప్యూటర్ల కుర్రాడు చంటిబాబు.
మబ్బులో దాచింది ఎవరి కళ్లంలో కురుస్తుందో
నవంబరు కోతల్ని అడగమన్నాను.

రొయ్యల కంపెనీ మేనేజరు వచ్చాడో రోజు.
షెడ్డులో తలలు తీసే ఆడవాళ్ల కోసం
గంటకింతని కంపెనీయే కడుతోంది నాకు.
"ఎవరికి నిద్ర పట్టట్లేదో ఒక లిస్టు, అంతే.
పేర్లొద్దు మేడమ్, టోకెన్ నంబర్లు చాలు."
ఆ షెడ్డులో పేర్లకన్నా నంబర్లకే
తొందరగా పలుకుతారు.
థర్మాకోల్ పెట్టెలో ఐసు మధ్య
రెండు కేజీల టైగర్ రొయ్యలు బల్ల మీద పెట్టాడు.
ఐసు కరిగి అంచు మీంచి కారుతుంటే
ఇద్దరం దాన్నే చూశాం.
పెట్టె వెనక్కి పంపాను.
ఆ నెల డబ్బు రాలేదు.

ముక్తేశ్వరం రేవులో పంటు మీద
ఎదురుపడతారు ఒక్కోసారి.
వాళ్లు గోదారి చూస్తారు.
నేను మోటారు సైకిళ్లు లెక్కపెడతాను.
ఓ పెళ్లిలో ఒకావిడ
నా విస్తట్లో పనసపొట్టు కూర వడ్డిస్తూ
"ఇంకాస్త వెయ్యనాండీ" అంది, కొత్త మనిషితో అన్నట్టు.
"కొంచెం" అన్నాను, కొత్త మనిషిలాగే.
మూడేళ్ల ఏడుపు
ఆ గరిటె మీంచి చుక్క ఒలక్కుండా దాటిపోయింది.

ఎస్తేరు, అలాగే పిలుద్దాం,
కూర్చోకుండానే అడిగింది:
"నా గురించి మీరు రాసుకున్నది నేను చూడొచ్చా అండీ?"

ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.
బీరువా తాళం తీస్తుంటే చెయ్యి తడబడింది.
నోరు కట్టుకోవడం వచ్చు నాకు.
పుస్తకం ఆమె వైపు తిప్పడం రాదు.

వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివింది.
నాలుగో పేజీలో వేలు ఆగింది.
"నేను భయం అనలేదండీ.
బెంగ అన్నాను."

కొట్టేశాను. పైన బెంగ అని రాసి
పక్కన తేదీ వేశాను.
"మా అక్క పేరు కూడా తీసెయ్యండి.
ఇలా అడగటానికి ఆవిడ రాలేదు కదా ఇక్కడికి."
తీసేశాను.
వెళ్తూ వెళ్తూ తలుపు తనే మూసింది,
గడియ పడిందో లేదో
బయటినుంచి ఓసారి లాగి చూసుకుంది.

ఇప్పుడు మీరు చదివినదాంట్లో
రాజోలు రాజోలు కాదు. మెట్లు పదమూడు కావు.
పనసపొట్టు కాదు, వేరే కూర.
రొయ్యలు... సరే, రొయ్యలు ఉంచేశాను.
బెంగ అన్న మాటొక్కటే ఉన్నదున్నట్టు ఆమెది.

అదీ,
అడిగే తెచ్చుకున్నాను.