గీతకి గుర్తున్న నీళ్ళు

సెగెద్‌లో తిస్సా నది గట్టు మీద
జలవనరుల ఆఫీసు రెండో అంతస్తులో
నాకిచ్చిన పని చిన్నదే.
పాత ఫైళ్ళలోని చార్టులు
కొత్త ఫైళ్ళలోకి చేర్చాలి. నాలుగువందల పన్నెండు.
చేత్తో అయితే వేసవంతా పడుతుంది,
జావాలో రాస్తే ఒక్క రాత్రి, అన్నాను
పై అధికారి ఎదుట, కొంచెం గొప్పగా.

రాత్రి పదింటికి మొదటి పరుగు.
గళ్ళు వచ్చాయి. గళ్ళలో అంకెలు వచ్చాయి.
వరసల వెడల్పు, అక్షరాల లావు,
ఎవరో ఎప్పుడో పసుపు పూసిన మూలగడి కూడా వచ్చింది.
చార్టు రాలేదు.
ఉండాల్సిన చోట
ఫొటో దించేసిన గోడ.

తప్పు జరిగిందని కూడా అనలేదు ప్రోగ్రాం.
ఎర్రగా ఒక్క అరుపు అరిచినా బాగుండేది.
సామానంతా సర్దేశానని చెప్పి
చంటిదాన్ని మరిచిపోయి బండెక్కిన మనిషిలా
హాయిగా ముగించింది.

అప్పుడు ఫైలు పొట్ట విప్పాను.
స్ప్రెడ్‌షీట్ అంటే ఏముంది, జిప్పు వేసిన సంచీ.
లోపల చార్టు ఒక కాయితం,
దాన్ని మోసే బొమ్మల పలక ఇంకోటి,
ఎవరికి ఎవరో రాసిన చుట్టరికాల చిట్టా మరోటి.
గడిని అడిగితే చార్టెవరో ఎరగనంటుంది.
చార్టు నోట్లో మాత్రం
గడి పేరు నానుతూనే ఉంటుంది.

సరే. కాయితాన్ని కాయితంగానే ఎత్తాను,
చుట్టరికం కొత్తగా రాశాను.
ఒంటిగంటకి గీత లేచింది
నీలంగా, మార్చిలో ఉబ్బి, ఆగస్టులో బురద తేలి.
పైన ప్రమాదరేఖ, ఎండుమిరప పొడి ఎరుపులో.
ఆ ఎరుపు జొంబోర్‌ది.
ఇరవై రెండేళ్ళు ఈ బల్ల దగ్గరే కూచుని
ఒక్కో చార్టుకీ రంగు ఎంచిన మనిషి.
ఇప్పుడు పడవకి తారు పూసుకుంటున్నాడు.

సంబరంగా ఒక అంకె మార్చి చూశాను.
గీత కదల్లేదు.
ఇంకోటి మార్చాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.
కాపురం ఇక్కడ పెట్టింది గానీ
చూపు పాతింటి గుమ్మం మీదే:
మున్కా ఒకటి అనే షీటు, బి రెండు నించి బి పదమూడు.
మా భాషలో మున్కా అంటే పని.
కొత్త ఫైల్లో ఆ పేరే లేదు.

చిరునామాలు మార్చే లూపు రాశాను.
ఈ భాషకి కాఫీ పేరు పెట్టినవాడు
ఇలాంటి రాత్రి ఒకటి గడిపే ఉంటాడు.
మూడున్నరకి చార్టులన్నీ
కొత్త గళ్ళని గుర్తుపట్టాయి,

ఒక్కటి తప్ప.

దాని షీటు పాత ఫైల్లోనే లేదు.
ఏ శుక్రవారం సాయంత్రమో
శుభ్రం చేస్తున్నామనుకుని ఎవరో తుడిచేశారు.
అంకెలు పోయాయి. గీత ఉంది.
ఎగబాకి, ఎరుపు దాటి,
అంచుకి బెత్తెడు కింద ఆగి ఉంది.

లేని నేల మీద ఎలా నిలబడ్డావే అని
కాయితం విప్పి చదివాను.
చార్టులు మనకి చెప్పకుండా ఓ పని చేస్తాయి,
ఆఖరిసారి చూసిన అంకెల్ని
కొంగున ముడేసుకుంటాయి.
ఇరవై నాలుగు బిందువులు, గంటకొకటి.
ఎనిమిది వందల అరవై ఒకటి. అరవై ఎనిమిది. డెబ్బై ఏడు.

తెల్లారాక జొంబోర్‌కి ఫోన్ చేశాను.
"ఆ రాత్రా?" అన్నాడు. వెనక కుక్క మొరుగుతోంది.
"కొలిచే యంత్రం మునిగిపోయింది.
వంతెన కింద తెడ్డు గుచ్చి చూసేవాణ్ణి.
ఇల్దికో లాంతరు పట్టుకునేది,
చలికి వణికి తప్పు చదివితే తిట్టేది.
మూడింటికి మాత్రం చూడలేదు, కునుకు పట్టింది.
అటూ ఇటూ చూసి మధ్యలో వేశాను.
ఎవరితో అనకు."

ఎప్పుడూ గళ్ళని చూసి గీత గీస్తుంది యంత్రం.
ఆ ఉదయం గీతని అడిగి
గళ్ళు నింపే పద్ధతి రాశాను, పదకొండు వాక్యాలు.
షీటు మళ్ళీ పుట్టింది. పేరు మున్కా ఒకటి.

మూడు గంటల గడికి మాత్రం
లేత పసుపు పూశాను.
ఎందుకని ఇంతవరకూ
ఎవరూ అడగలేదు.