సుత్తి అప్పిచ్చేవాడు

నా సొరుగులో ఒక సుత్తి ఉంది.
పిడి రెండుసార్లు మార్చాను, తల మాత్రం పాతదే.
ఊమియోలో ఈ భవనానికి
తాళాలు, బల్బులు, గుమ్మం ముందు మంచు, అన్నీ నేనే.
సుత్తి మాత్రం చదువు ముగించినవాళ్ళది.

పరీక్షకు మూడు వారాల ముందు
తమ పుస్తకాన్ని కింది వసారాలో చెక్కపలకకు
మేకుతో కొట్టాలి ఇక్కడ.
ఊరంతా చదవాలి, తప్పులు పట్టాలి, అదీ ఆచారం.
ముప్ఫై ఏళ్ళలో ఒక్కరైనా ఆగి చదవగా చూడలేదు.
పుస్తకం మూలకు ముందే చిల్లు పెట్టేదీ నేనే,
అంచు ఖాళీలో, ఒక్క అక్షరానికీ తగలకుండా.
మిగతా సుత్తి సభలో వాళ్ళే కొట్టుకుంటారు
రెండు గంటలు. నాది ఇనపది.

ఇల్వా వచ్చిన కొత్తలో గోడకు ఒక పట్టిక అంటించింది.
నాలుగేళ్ళు, నాలుగు రంగులు.
చదవడానికి పసుపు, చిత్తడినేలకు ఆకుపచ్చ,
లెక్కలకు నీలం, రాయడానికి ఎరుపు.
చివరి గడిలో బుల్లి జెండా.
ఏడాదికోసారి ప్రొఫెసర్ రాగ్నార్ వచ్చి
తల పంకించి సంతకం పెట్టేవాడు.
బాగుంది అనేవాడు.
బాగున్నది పట్టికే.

మొదటి వేసవిలో ఆమె నాటిన కొలతకడ్డీల మీదుగా
ఒక ఎల్క్ దుప్పి తీరిగ్గా నడిచిపోయింది.
దుప్పికి రంగులు తెలియవు కదా.
రెండో ఏడు లోతు నుంచి నాచు తోడి తెచ్చింది,
ఆరువేల ఏళ్ళనాటిది,
గొట్టాల్లో పసిపిల్లల్లా పడుకోబెట్టి
నేలమాళిగలో ఫ్రీజర్‌కి అప్పగించింది.

అక్టోబర్లో ఒక శనివారం
ఫ్యూజుల పెట్టె మార్చమని పైనుంచి ఉత్తర్వు.
తలుపులకు కాగితాలు అంటించాను.
కాగితం తలుపు మీద ఉంది,
ఆమె చిత్తడినేలలో ఉంది.
మీట దించింది ఈ చెయ్యి.

సోమవారం ఫ్రీజర్ కింద గోధుమరంగు నీళ్ళు.
ఆరువేల ఏళ్ళు కుళ్ళకుండా ఆగినది
నా దగ్గర రెండు రాత్రులు ఆగలేకపోయింది.
ఎవరు చేశారని ఆమె అడగలేదు.
నేను చెప్పలేదు.
తడిగుడ్డ తెచ్చాను. ఆమె ఓ కొస, నేనో కొస పట్టుకుని
పిండాం. మళ్ళీ తుడిచాం. మళ్ళీ పిండాం.

ఆ తర్వాత ఎరుపు నీలంలోకి కారింది,
పసుపు మళ్ళీ మొదటికొచ్చింది.
నాలుగో ఏడు జీతం ఆగింది.
వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసి
పగలు కళ్ళు నులుముకుంటూ రాసింది.
మధ్యలో కూతురు పుట్టింది,
దానికి రంగు మిగల్లేదు, పెన్సిలుతో చుక్క పెట్టింది.
పట్టిక ఊడి పడ్డప్పుడల్లా
ఎవరూ లేనప్పుడు మళ్ళీ అతికించేవాణ్ణి.
ఎందుకంటే ఏం చెప్పను.

తొమ్మిదో ఏట, మే నెల. బిర్చ్ ఆకు విచ్చే వారం.
"సిక్స్‌టెన్, సుత్తి ఉందా?"

చిల్లు పెట్టేముందు పుస్తకం తెరిచాను.
ఎనభై ఏడో పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో:
విద్యుత్ ఆగినందువల్ల రెండో ఏటి నమూనాలు లెక్కలో లేవు.
శాస్త్రానికి నేను చేసిన సేవ ఆ ఒక్క ముక్క.
కృతజ్ఞతల్లో దుప్పి ఉంది.
దాని పక్కనే, సిక్స్‌టెన్‌కి, తడిగుడ్డకు.

చెప్పేశాను, సుత్తి చేతికిస్తూ,
ఆ రోజు మీట దించింది నేనే అని.
మేకు మొనను వేలితో చూసుకుంటూ అంది:
"తెలుసు. కాగితం కింద నీ సంతకం ఉందిగా."

మొదటి దెబ్బకే మేకు వంగింది.
కూతురు పకపకా నవ్వింది.
ఇంకొకటి ఇచ్చాను.
అది దిగింది,
పలకలో ఎవరిదో పాత చిల్లులోకే.

వంగిన మేకు సొరుగులో ఉంది, సుత్తి పక్కన.
సరిచేద్దామని రెండుసార్లు తీశాను.
ఉండనీ అనిపించింది.