చిల్లరకు బదులు

ఆదివారం. ఆరాధనకు ఇంకా మూడు గంటలుంది.
బ్యారేజీ దాటి సీతానగరంలో ఆటో దిగగానే
ఎస్తేరత్త చెప్పులు విడిచి చేత పట్టుకుంది.
"ఇసకలో చప్పుడు చెయ్యకూడదే పిల్లా" అంది,
అటు బెజవాడ దాకా వినపడేట్టు.

మార్చి నెల కృష్ణ ఒడ్డు వదిలి లోపలికి జరిగింది.
కట్ట పొడుగునా వేపపూత వాసన.
నా మెడలో బైనాక్యులర్స్,
తమ్ముడు క్రికెట్ మ్యాచికని కొన్నవి.

ఇరవయ్యేడేళ్ళు అమరావతి బస్సులో కండక్టరు.
ఇంజను పక్కన నిలబడి నిలబడి
సన్నటి చప్పుళ్ళు ఒక్కోటీ ఏ స్టాపులో దిగిపోయాయో
చూసుకోలేదు.
ముందు దోమ. తర్వాత మనవడి గుసగుస.
దోమలు పోతే పోయాయిగానీ
పిట్టలు కూడానా, అని దిగులు.

నాకు చెవులున్నాయి, పేర్లు తెలీవు.
అందుకే వెంట తెచ్చుకుంది.
"విను. విని నాకు చెప్పు."

జమ్ములోంచి ఏదో.
తడి అద్దం మీద వేలు రాసినట్టుంది, అన్నాను.
"ఆగి ఆగా, ఆగకుండానా?"
ఆగకుండా.
"అయితే లకుముకి. చిన్నది. నీళ్ళ మీద చూడు."
నీలం గీత ఒకటి,
గీసినవాడు కనపడకుండా.

కరెంటు తీగ మీద,
జేబులో గోళీలు కదిలినట్టు.
"పసిరికలు. ఒక్కటే ఉండదు, లెక్కపెట్టు."
పదకొండు.
ట్రిప్పు లెక్క కుదిరినట్టు తలాడించింది.

ఇన్ని పేర్లు ఎక్కడ నేర్చావత్తా అంటే,
వెంకటపాలెం మేకలాయన,
మందడంలో మల్లెలమ్మే ముసలామె,
వలలు బస్సు పైకెక్కించే ఉండవల్లి అన్నదమ్ములు.
చిల్లర లేదన్నవాళ్ళకి కిటికీలోంచి చూపించి
"అదేంటో చెప్పి దిగు" అనేదట.
అర్ధరూపాయికి గిజిగాడు.
రూపాయిపావలాకి పసులపోలిగాడు.
"ఆ లోటంతా నా జేబులోంచే కట్టానే
డిపోలో!"

బూరుగు చెట్టు కింద ఆగాం.
ఆకు లేదు, అంతా పువ్వే.
గోరింకల తగువు. అది ఆమెకూ వినపడుతుంది.
వాటి మధ్యలో ఇంకేదో కూసింది.
"ఎలా ఉంది?"

చెప్పబోయాను. పోలిక దొరకలేదు.
ఈల కాదు. నీళ్ళూ కాదు.
నా చిన్నప్పుడు, రైట్ రైట్ అనేముందు
ఫుట్‌బోర్డు మీంచి వంగి
నన్ను పిలిచేదానివి చూడు, అలా.

ఆమె చెట్టు పైకి చూడలేదు. నన్నే చూసింది.
"దాని పేరు నాకూ తెలీదు" అంది చాలాసేపటికి.
తర్వాత చెప్పుల్లోంచి ఇసక దులుపుకుంటూ,
"టికెట్టు వెనక రాసుకో.
దిగేటప్పుడు ఇస్తా."