ఏడో కయ్య

రాత్రి పదకొండు.
భవానీనగర్‌లో, నా కిటికీ కింద,
టిఫిన్ బండివాడు పెనం గీకుతున్న చప్పుడు.
నేను పరుల వ్యాసాలు చదివి
పట్టికలోకి అంకెలు ఎక్కిస్తున్నాను.
వానాధార వేరుశనగ, జిప్సం మోతాదు.
ఇరవై మూడు వ్యాసాల నుంచి ఒక్క సగటు తీయాలి.

పద్నాలుగో వ్యాసంలో ఒక వాక్యం దగ్గర వేలు ఆగింది:
"అడవిపందులు పడినందున ఏడో మడిని లెక్కలోంచి తీసేశాము."

తొమ్మిదో వ్యాసానికి వెనక్కి తిప్పాను.
అక్కడా పన్నెండు మళ్లు.
అక్కడా పందులు.
అక్కడా ఏడే.

పత్రిక వేరు, శీర్షిక వేరు.
ఒకదాంట్లో చంద్రగిరి మండలం,
ఇంకోదాంట్లో "దక్షిణాదిలోని ఒక అర్ధశుష్క ప్రాంతం."
కిలోలు మాత్రం దశాంశం తర్వాతి అంకెతో సహా
కదలకుండా కూర్చున్నాయి.

ఆ పందులను నేనెరుగుదును.

ఆ తెల్లారి చెంగల్రాయుడు
ఆర్పడం మరిచిన టార్చి లైటుతో గట్టు మీద నిలబడ్డాడు.
తిరగదోడిన మట్టిలో తెల్లటి లేత ఊడలు,
సగం కొరికిన కాయలు.
"ఈ కయ్య మీ లెక్కకు పనికిరాదు గదమ్మా" అన్నాడు,
తప్పు తనదైనట్టు.
చేను ఆయనది, నష్టం ఆయనది.
నాకు నోటుబుక్కులో ఒక అడ్డగీత.

మిగతా పదకొండు మళ్ల కాయా నేనే తూచాను,
ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టి.
ఒక్క తూరి.

గైడు అన్నమాట గుర్తుంది:
"మన పంటను మనం రెండు సంతల్లో అమ్ముకుంటే
ఎవరి సొమ్ము పోయింది?"
నేను నవ్వాను.
రెండింట్లోనూ మూడో పేరు నాదే.
ఆ ఏడు ఇంటర్వ్యూలో నా వ్యాసాలు లెక్కపెట్టారు.
చదవలేదు, లెక్కపెట్టారు.
ఈ గది అద్దె ఆ లెక్కలోంచే వస్తోంది.

శెనక్కాయ మూటకు ఒక సిగ్గుంది:
ఒక సంతలో దిగితే రెండో సంతలో ఉండదు.
అంకెకు లేదు.
కొండ మీద గుండు చేయించుకున్నవాడు
అదే పూట మళ్లీ వరసలో నిలబడితే
కల్యాణకట్టలో కత్తి పట్టినతను తల తడిమి నవ్వుతాడు.
మాకు తడిమే చెయ్యి లేదు.

పద్నాలుగో వరస తీసేసి చూశాను.
సగటు కొంచెం కిందికి జారింది,
కొంచెమంటే, ఎకరాకు ఒక బస్తా జిప్సం.
ఆ బస్తాను పీలేరు దగ్గరో, పుంగనూరు దగ్గరో
నేనెరగని ఒకాయన అప్పు పెట్టి కొని
మోపెడ్ వెనక కట్టుకుని పోతుంటాడు,
పంది ఒక తూరే పడిందని తెలియక.

సంపాదకులకు, అని మొదలుపెట్టాను.
"పొరపాటున" అని రాసి కొట్టేశాను.
"తెలియక" అని రాసి కొట్టేశాను.
"ఈ రెండు వ్యాసాలదీ ఒకే చేను" దగ్గర
చెయ్యి ఆగిపోయింది.
కింద బండివాడు షట్టరు లాగేసుకుని వెళ్లిపోయాడు.

ఏడో కయ్యలో ఆయన తర్వాత ఉలవలు చల్లాడు.
అది ఏ వ్యాసంలోనూ లేదు.
చివరిసారి పోయినప్పుడు
ఒక గుడ్డసంచిలో పోసిచ్చాడు.
వాటిని నేను తూచలేదు.