లెక్క ఉంగరం

రుయాలో ఎముకల డాక్టరు చీటీ మీద రాసింది రెండే మాటలు:
ఈత. లెక్క.
రోజుకు ముప్పై రౌండ్లు, ఎన్ని కొట్టావో రాసుకొని రా అన్నాడు.
కల్యాణకట్టలో పద్నాలుగేండ్లుగా
తలకొక టోకెను, తలకొక సగం బ్లేడు,
లెక్క నాకు కొత్త కాదు సార్ అన్నాను.
ఆ మాట అన్నప్పుడు కూడా కుడి భుజం పైకి లేవలేదు.

పుత్తూరు పక్క బాయిలో నేర్చిన ఈత, మరిచిపోలేదు.
నీళ్ళలో లెక్కే వేరు.
ముందు కూర్చునే తల ఉండదు, టోకెను చాపే చెయ్యి ఉండదు.
తొమ్మిదో రౌండులో పాల ప్యాకెట్టు గుర్తొస్తుంది,
పదో రౌండులో నిన్న గుండుకు గుక్కపట్టి ఏడ్చిన పిల్లోడు.
గోడ తాకేసరికి
పదకొండా? పన్నెండా?
ఎప్పుడు తప్పినా ఒకటి ఎక్కువే తప్పుతాను,
తక్కువ తప్పిన రోజు లేదు.

పక్క వరసలో యామిని, ఇంటరు చదివే పిల్ల.
వాచీ కొనుక్కో ఆంటీ అనింది.
దాని వాచీకి అన్నీ తెలుసు:
ఎన్ని బారలు, గుండె ఎట్లా కొట్టుకునింది,
రాత్రి ఎంతసేపు నిద్రపోయిందో కూడా.
ఒకనాడు విప్పి నా మణికట్టుకు కట్టింది.
ముప్పై కొట్టి, గసపోసుకుంటా చూస్తే
పందొమ్మిది అంటాది.
"నడమ నడమ ఆగినావు కదా ఆంటీ. ఆగితే దానికి అర్థం కాదు."
ఆగకుండా పోయేదానికి నేనేమన్నా చేపనా?
నాలుగువేల ఎనిమిదొందలు పోసి
అబద్ధాలకోరు అనిపించుకోవాల్నా?
అంత అనుకుని కూడా
సాయంత్రం గాంధీరోడ్డు కొట్లో ధర అడిగొచ్చినాను.

మా ఆయన గురవయ్య ఫోన్లో ఏదో యాప్ ఎక్కించినాడు.
జిప్పు కవర్లో వేసి గట్టుమీద పెడితే
తడి వేలిని గుర్తుపట్టదు,
అరిగిపోయిన వేలిని అసలే పట్టదు.
నోటుబుక్కు పెట్టినా. మూడోనాటికి సిరా పారి
వారమంతా ఒకటే నీలం మరక.

అలిపిరి దారిలో, రాగి కడియాలు అమ్మే కొట్లో దొరికింది:
వేలికి తొడుక్కునే ప్లాస్టిక్కు ఉంగరం,
పైన బొత్తం, చిన్న కిటికీలో అంకెలు.
నామాలు లెక్కపెట్టుకునేది. అరవై రూపాయలు.
"లక్షా తల్లీ, కోటా?" అడిగినాడు కొట్టాయన.
"ముప్పై" అన్నాను.
నా మొహం ఒకసారి చూసి పది తగ్గించినాడు.

తొడుక్కుని ఈదితే బారబారకూ నొక్కుకుపోయింది.
మొదటినాడే నాలుగొందల రౌండ్లు!
డ్యూటీ చూసుకుని, ఇంట్లో కూర వండి కూడా!
రెండోనాటి నుంచి అది గట్టుమీదే.
గోడ తాకినప్పుడల్లా ఒక నొక్కు.
టిక్.
బ్లేడు రెండుగా విరిచినప్పటి చప్పుడు,
ఇంక లెయ్యి నాయనా, అయిపోయింది అన్నట్టు.

ఒకనాడు యామిని వాచీ నల్లగా చచ్చిపోయింది.
"ఛార్జింగు పెట్టలేదు ఆంటీ, నావీ నొక్కుతావా?"
"కలిపితే దీనికి అర్థం కాదు పాపా."

రెండు నెలలకు రుయాకు పోయి
ఉంగరం బల్లమీద పెట్టినాను.
పద్నాలుగు వందల పదిహేడు.
"అందులో నాలుగొందలు దొంగవి సార్, తీసెయ్యండి."
డాక్టరు అటూ ఇటూ తిప్పినాడు.
"తేదీలు లేవే. ఏ రోజు ఎన్నో తెలిసేదెట్లా?"
నా దగ్గర జవాబు లేదు. చెయ్యెత్తినాను.
చెవిదాకా వచ్చింది.
చెవి దాటలేదు.
ఏదో రాసుకున్నాడు. రేపట్నుంచి ముప్పై అయిదు అన్నాడు.

ఉంగరానికి పక్కన సన్న బెజ్జం ఒకటుంది,
గుండుసూదితో పొడిస్తే అంతా సున్నా అయిపోతాదంట.
ఇంట్లో గుండుసూదులకు కరువేం లేదు.
రోజూ రేపు పొడుస్తాను అనుకుంటాను.