అరువు ముక్కు

జుమ్మెరాత్ బజార్ల పన్నెండు వందలు చెప్పి
ఎనిమిది వందల యాభైకి ఇచ్చిండు.
ఊచల తొట్టెల. నాలుగు కాళ్లు గట్టిగున్నయ్.
ఊచకు ఊచకు నడుమ చాయ్ గ్లాసు పట్టి చూసిన,
ఏడ దూరలే.
గ్లాసు దూరని కాడ తల దూరది.

నవనీతకు ఏడో నెల.
"జరంత రంగేస్తే కొత్తదే గదా" అన్నది.
రంగు సంగతి నాకు చెప్తుంది!
భోలక్‌పూర్ షెడ్డుల పంతొమ్మిదేండ్ల సంది
కార్లకు మొఖాలు దిద్దుతున్నోన్ని.
లారీ కింద నలిగిన తలుపును
పెండ్లికొడుకు లెక్క తయారు చేసి పంపినోన్ని.

కని కారు దేన్నీ నోట్లె పెట్టుకోదు.

అందుకే షెడ్డుల డబ్బాల దిక్కు చూడలే.
రాణిగంజ్‌ల సేటు దగ్గరికి పోయి
నీళ్లతోని కలిపేదే ఇయ్యి,
సీసం లేదని రాసి ఉంటెనే ఇయ్యి అన్న.
అద్దాలు నొసటి మీదికి జరిపి
"నువ్వు గూడ డబ్బ మీద చదువుడు మొదలువెట్టినవా" అని నవ్విండు.
నవ్వనియ్.

నవనీతను ఉప్పుగూడ, వాళ్ల అక్కింటికి పంపిన.
"నేనేమన్న గోకుతనా, నన్నెందుకు పంపుడు?"
దుమ్ము నిన్ను అడిగి లోపలికి రాదు, నడువు అన్న.

బంగ్లా మీద, నీళ్ల ట్యాంకు పక్కకు
ప్లాస్టిక్ పట్ట పరిచిన.
మూతికి మాస్కు, బకెట్ల నీళ్లు.
పొడిగ గోకద్దు, తడిపి తడిపి గోకాలె.
లేత గులాబి పోయింది.
దాని కింద అరటాకు పచ్చ.
దాని కింద సిందూరం.
గీ ఎరుపును నేను ఎరుగుదు,
ఎన్కట ఇనుప గేట్లకు కొట్టేటోళ్లు.
సీసం ముద్ద.

మీది పట్టె కాడికొచ్చేసరికి చెయ్యి ఆగింది.
పండ్ల గాట్లు.
మీద రెండు, కింద రెండు,
మల్ల జరిగి రెండు.
గులాబి దాటి, పచ్చ దాటి
సిందూరం దాక కొరికింది ఎవరి పిల్లనో.

పుట్టీ పెడితే నిమిషం పని.
బతుకంత గదే చేసిన:
సొట్ట మీద పుట్టీ, పుట్టీ మీద మెరుపు.
గా రోజు మాత్రం చెయ్యి రాలే.
బోల్టులిప్పి పట్టె పక్కకు పెట్టిన.

వారాసిగూడ సదానందాచారి
కొత్త పట్టె చెక్కి ఇచ్చిండు, వేప కట్టెది.
"వార్నిషు?" వద్దు.
"నూనె?" వద్దు, ఉత్తగనే ఉండనియ్.
"పొల్లకు చేదుంటది రా."
ఉండనియ్, మా నాయిన పండ్లు డెబ్బై ఏండ్లు నిలబడ్డయ్.

కట్టె తేలే దాక గీకి, కడిగి, ఎండబెట్టి
మిగిలిన ఊచలకు రెండు చేతులు రంగేసిన,
పలుచగ, మీగడ రంగు.
పని కాంగనే బట్టలు వేరే బకెట్ల పడేసి
తానం చేసి గానీ గ్లాసు ముట్టలే.

ఐదో దినం ఒంగి వాసన చూసిన. ఏం లేదు.
ఇగ తెచ్చుకోవచ్చు నవనీతను అనుకొని
సగం మెట్ల మీద ఆగిన.
మొదటి దినం గూడ ఏం రాలేదు గదా!
నా ముక్కును థిన్నరు ఎన్నడో తిన్నది.

కింద పోర్షన్ల జులేఖా బీ ఉంటది.
ఎవరింట్ల పోపు మాడిందో
గల్లీ మొగదాన్నుంచి చెప్తది.
మోకాళ్లు పట్టుకుంట బంగ్లా ఎక్కింది,
తొట్టెల్ల తల పెట్టింది, కండ్లు మూసింది.
"అభీ నై బేటా. ఇంకో ఆదివారం."

మల్ల ఆదివారం గూడ గదే మాట.
ఉప్పుగూడ కెళ్లి నవనీత ఫోన్ల మీద ఫోన్లు.
మూడో ఆదివారం ముసలమ్మ
తల పైకెత్తలే శానాసేపు.
ఏమైంది ఖాలా అంటె
"నీమ్ వాసనొస్తుంది. గంతే. పడుకుందామనిపిస్తుంది" అన్నది.

పాత పట్టెను కాలవెట్టలే.
ఆ పొగ మల్ల ఎవరి ముక్కులకో పోతది.
గోకిన చూరతోని కలిపి
రెండు కవర్లల్ల చుట్టి, టేపు కొట్టి సజ్జ మీద పెట్టిన.
మున్సిపల్ ఆఫీసుల అడిగితే
గిసొంటిది ఎవ్వరు తేలే అన్నరు.

గా నాలుగు పండ్ల పిల్ల
యాడున్నదో, ఎంత పెద్దగైందో.
ఏమో,
సొట్ట పడ్డ కారు నా షెడ్డుకే తెచ్చి
"అన్నా, కనిపియ్యకుంట చెయ్యి" అన్నదో.